ఒక్క కఫీలు, ఒక్క సేటు

శుక్రవారం సాయంత్రం రియాద్‌లోని బత్హాకు వెళ్తే తెలుగు కోసం వెతుక్కోనక్కర్లేదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ యాసలన్నీ ఒకే చాయ్ దుకాణం ముందు కలుస్తాయి. ఒక ఫిబ్రవరిలో అక్కడే, ఆర్మూర్ దగ్గరి ఊరతను నా పక్కన కూర్చుని ఇంటికి ఫోన్ కలిపాడు. ఎర్రజొన్న కోత అయిపోయిన రోజులు. స్పీకర్ పెట్టాడు కాబట్టి నాకూ వినపడింది.

"సేటు ఎంత జెప్పిండు?"

"ఇంకా జెప్పలే. పంటైతే లారీల ఏస్కొని పోయిండు."

"రేటు జెప్పకముందే ఎట్ల ఇచ్చినవ్?"

"ఇత్తనం ఆయనిచ్చిందే గదా. ఇంకెవలు కొంటరు?"

ఫోన్ పెట్టేశాక అతన్ని ఒకటే అడిగాను: ఇక్కడి నీ కాంట్రాక్టు నీ దగ్గరుందా? ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఫోన్‌లో కివా యాప్ తెరిచి చూపించాడు. జీతం, పని గంటలు, సెలవు, గడువు, అన్నీ ఉన్నాయి. పాత కంపెనీ కాగితాల ఫొటోలు కూడా దాచిపెట్టుకున్నాడు. "కాయితం లేకుంటే ఈడ ఒక్కరోజు నడుస్తదా అన్నా?" అన్నాడు. ఆ మాట అన్నాక తనే ఆగిపోయాడు. నాలుగెకరాల పంట కాగితం లేకుండా లారీ ఎక్కిన సంగతి అప్పుడు తట్టినట్టుంది.

ఈ అధ్యాయం అతని కోసం. ఇక్కడ సౌదీలో ఉండి, ఊళ్ళో విత్తన పంట వేయిస్తున్న ప్రతి ఒక్కరి కోసం కూడా.

ముందు ఒక లెక్క. బేరం అంటే మాటకారితనం అని మనం అనుకుంటాం. గట్టిగా అడిగేవాడికి ఎక్కువొస్తుందనీ, మెతకవాడు మోసపోతాడనీ. నేను చూసినంతలో అది చాలావరకు అబద్ధం. "నువ్వు కాకపోతే ఇంకొకడు" అనగలిగేవాడిదే బేరం. ఈ సంగతి కఫాలా కింద, అంటే వీసా ఇచ్చిన యజమానికి కట్టుబడి, పనిచేసినవాడికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ యజమాని, ఒక్క కఫీలు, చేతిలో ఇకామా (నివాస అనుమతి) ఉన్నంతకాలం ఎంత పనిమంతుడైనా జీతం అడగలేడు, ఎందుకంటే మారడానికి వీల్లేదు. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం తెచ్చిన మార్పుతో, ఏడాది పని పూర్తయ్యాక చాలామంది ప్రైవేటు కార్మికులు పాత యజమాని అనుమతి లేకుండా వేరే చోటికి మారగలిగారు. మారినవాళ్ళకేమో గానీ, మారతానని చెప్పగలగడమే కొందరికి జీతం పెంచింది. ఆ మార్పులో ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, మజ్రాల్లో (పొలాల్లో) పనిచేసేవాళ్ళు, గొర్రెల కాపరులు లేరు. వాళ్ళకూ మిగతావాళ్ళకూ కష్టంలో తేడా ఏమీ లేదు. తేడా అంతా రెండో తలుపు ఉందా లేదా అన్నదే.

ఇప్పుడు ఊళ్ళోని సేటును ఈ కళ్ళతో చూడండి. మూల విత్తనం ఆయనే ఇస్తాడు. కొన్నిచోట్ల ఎరువూ ఆయనే, పెట్టుబడి అప్పూ ఆయనే. పంట వచ్చాక దాన్ని తీసుకునేదీ ఆయనే. పక్క సేటు దగ్గరికి పోతే "నువ్వు ఫలానావాళ్ళ విత్తనం వేశావు, మేం తీసుకోం" అంటాడు. ఇద్దరూ పోటీదారులని మీరు అనుకుంటారు, సాయంత్రం వాళ్ళు ఒకే చోట కూర్చుని రేటు మాట్లాడుకుంటారు. ఇకామా లేదన్న మాటే గానీ ఇదీ కఫాలాయే. కొనేవాళ్ళు కలిసిపోతే దానికి మర్యాదగా "మార్కెట్ రేటు" అని పేరు, అమ్మేవాళ్ళు కలిస్తే మాత్రం "గొడవ".

ఒక్కడే కొనేవాడుంటే మంచివాడైనా ప్రమాదమే. అందుకు మీరున్న దేశమే సాక్ష్యం. 1980ల మొదట్లో సౌదీ ప్రభుత్వం తన రైతుల గోధుమను టన్నుకు 3500 రియాళ్ళిచ్చి కొన్నది. అప్పటి ప్రపంచ ధర ముందు అది ఎన్నో రెట్లు. కొనే సంస్థ ఒక్కటే: ధాన్యం గోదాములు, పిండి మరల ప్రభుత్వ సంస్థ. ఎడారిలో గుండ్రటి పచ్చటి పొలాలు లేచాయి, దేశం గోధుమ ఎగుమతి చేసింది, 1990ల మొదట్లో దిగుబడి నలభై లక్షల టన్నులు దాటింది. భూగర్భజలం అడుగంటుతోందని గ్రహించాక, 2008లో అదే ప్రభుత్వం ఏటా 12.5 శాతం చొప్పున కొనుగోలు తగ్గించుకుంటూ 2016కల్లా ఆపేయాలని నిర్ణయించింది. నీళ్ళ లెక్కలో అది సరైన నిర్ణయమే. కానీ రైతుకు రెండో కొనుగోలుదారు లేడు. అల్ ఖర్జ్, ఖసీం వైపు మజ్రాల్లో పాతికేళ్ళ కిందట పనిచేసిన మనవాళ్ళెవరినైనా అడగండి, ఆ పొలాల సంగతి చెబుతారు.

మన ఎర్రజొన్న కథ ఇంకా దగ్గరిది. ఆర్మూర్, బాల్కొండ ప్రాంతంలో పండే ఈ జొన్న అన్నం కోసం కాదు, ఉత్తరాది రాష్ట్రాల్లో పశుగ్రాసం వేయడానికి విత్తనంగా పోతుంది. అంకాపూర్ చుట్టుపక్కల విత్తన వ్యాపారులు ఊరూరా ఒప్పందాల మీద వేయిస్తారు. 2008లో పంట ఇచ్చి డబ్బు రాని రైతులు రోడ్డెక్కారు, ఆర్మూర్ అట్టుడికింది. ఆ బకాయి పదికోట్లకు పైమాట. చివరికి దాన్ని తీర్చింది వ్యాపారి కాదు, 2014లో తెలంగాణ ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లించింది. అంటే వ్యాపారి అప్పు పన్ను కట్టేవాళ్ళ మీద పడింది. రైతుకు ఆరేళ్ళకు డబ్బు చేరింది గానీ, మర్నాటి నుంచి కొనేవాళ్ళ సంఖ్య ఒకటి కూడా పెరగలేదు.

2018లో మళ్ళీ ధర పడింది, మళ్ళీ ధర్నా, ఈసారి ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలుకు 2300 రూపాయల చొప్పున కొన్నది. 2019 ఫిబ్రవరిలో పసుపుకు 15,000, ఎర్రజొన్నకు 3500 కావాలంటూ రైతులు ఆర్మూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద బైఠాయించారు. ఏప్రిల్ లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది ఉంటే అందులో 178 మంది రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో డజను బ్యాలెట్ యూనిట్లు వరసగా తగిలించాల్సి వచ్చింది. ఒక్కొక్కరు డిపాజిట్‌గా కట్టినది మామూలుగా 25,000 రూపాయలు. గెలవాలని కాదు, కనపడాలని కట్టారు. దేశమంతా చూసింది. వాళ్ళు అడుగుతూ వచ్చిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది.

ఆ నామినేషన్లను నేను తక్కువ చేయను. కానీ ధర్నా, నామినేషన్, ప్రభుత్వ కొనుగోలు, ఇవన్నీ పంట కోశాక చేసే పనులు. లారీ వెళ్ళిపోయాక బేరమాడడం కిందే లెక్క. పనికొచ్చే సంఘం విత్తనం సంచి విప్పకముందే పుడుతుంది. ఎందుకో చెబుతాను, ఈ అధ్యాయంలో నాకు ముఖ్యమైన మాట ఇదే.

విత్తన పంటకు మామూలు పంటకు లేని ఒక అవసరం ఉంది: దూరం. విత్తన జొన్న, విత్తన మొక్కజొన్న, విత్తన పత్తి దేనికైనా చుట్టూ వేరే రకం లేకుండా చూడాలి. జొన్న, మొక్కజొన్నల్లో ఆ దూరం వందల మీటర్లుంటుంది. పక్కచేల పుప్పొడి గాలికి వచ్చి పడితే విత్తనం కల్తీ అవుతుంది, మొలిచాక కొన్నవాడు తిడతాడు, కంపెనీ పేరు పోతుంది. అంటే సేటుకు మీ నాలుగెకరాలు ఒక్కటే చాలవు. మీ చుట్టుపక్కల పొలాలన్నీ ఒక మాట మీద ఉండాలి. ఊళ్ళో ఒక దిక్కున ఉన్న ఇరవై ముప్పై మంది కలిసి "ఈ దిక్కున ఎవరి విత్తనం వేయాలో మేం కలిసి తేల్చుకుంటాం" అంటే, అది ధర్నాకంటే పెద్ద మాట. సేటుకు ఎకరాలు దొరుకుతాయి గానీ, ఒక్కచోట ఉన్న ఎకరాలు అంత తేలిగ్గా దొరకవు. మీ బలం మీ పొలంలో లేదు, మీ గట్టు అవతల ఉంది.

కాబట్టి సంఘం జిల్లా స్థాయిలో పెట్టాలని ఆరాటపడకండి. మొదట మీ పొలం చుట్టూ నడిచి రమ్మని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. గట్లు ఎవరివో రాసుకోమనండి. ఆ పేర్లే మీ సంఘం. ఇందులో పాలివాళ్ళు ఉంటారు, మాటలు లేనివాళ్ళు ఉంటారు, గట్టు తగాదాలో కోర్టుకెళ్ళినవాళ్ళు ఉంటారు. వాళ్ళను కలుపుకోవడం చట్టం తెలుసుకోవడం కంటే కష్టం. ఎవరు ముందు గుమ్మం తొక్కాలన్న దగ్గరే సగం సంఘాలు ఆగిపోతాయి. మీరు సౌదీలో ఉండడం ఇక్కడ ఒక సౌకర్యం: దూరంగా ఉన్నవాడు ఫోన్ చేసి "ఎట్లున్నవే కాకా" అంటే చిన్నతనం కాదు.

ఊళ్ళో గ్రామాభివృద్ధి కమిటీ ఉందిగా, దానికే అప్పగిద్దాం అంటారు నిజామాబాద్ వైపువాళ్ళు. జాగ్రత్త. ఆ కమిటీలకు పట్టు ఉంది, మంచి పనులూ చేశాయి. కానీ మాట వినని ఇంటిని వెలివేయడం, జరిమానా వేయడం కూడా వాటికి అలవాటే, అది చట్టవిరుద్ధం. సంఘం నుంచి విడిపోయే స్వేచ్ఛ లేని రైతు ఇంకో కఫీలు చేతిలో పడినట్టే.

చట్టబద్ధమైన రూపం కావాలంటే రెండు దారులు సులువు. పది మంది రైతులుంటే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. లేదా 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద సంఘం నమోదు చేసుకోవచ్చు. ఏది పెట్టినా, వేర్వేరుగా అమ్ముకుంటూ "అందరం ఇదే రేటు చెబుదాం" అనుకోవడం కంటే, సంఘమే సభ్యుల పంట సేకరించి ఒకే అమ్మకందారుగా ఒప్పందం చేసుకోవడం మేలు. పోటీ చట్టం కొనేవాళ్ళ కుమ్మక్కును అడిగినట్టే అమ్మేవాళ్ళ కుమ్మక్కునూ అడుగుతుంది. సభ్యత్వం ఎవరి పేరున? మీ పేరున కాదు. చేను చూసేది మీ ఇంటావిడైతే ఆమె పేరే ఉండాలి. పట్టా మీ పేరున ఉండి సంతకాలు కావాలంటే రియాద్‌లోని భారత రాయబార కార్యాలయంలోగానీ జెద్దా కాన్సులేట్‌లోగానీ పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపండి. సెలవుకు వచ్చినప్పుడు చూద్దాం అంటే అప్పటికి రెండు పంటలు దాటిపోతాయి.

ఈ దారిలో ఎంత దూరం పోవచ్చో చూడాలంటే ముల్కనూరుకు పోయి రండి. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన ఆ సహకార సంఘం అప్పులివ్వడంతో ఆగలేదు. సభ్యులతోనే వరి విత్తనం పండించి, శుద్ధిచేసి, అమ్ముతుంది. అక్కడ సేటు పని కూడా రైతుల సంఘమే చేస్తోంది. ముల్కనూరు ఒక్క రోజులో రాలేదు, మీ ఊళ్ళో మొదటి ఏడే అలాంటిది వస్తుందని ఆశపడొద్దు. మొదటి ఏడు ఒక కాగితం వస్తే చాలు.

ఆ కాగితంలో ఏముండాలి? కివాలో మీ కాంట్రాక్టును చదివిన కన్నుతోనే చదవండి. ఎంత మూల విత్తనం ఇచ్చారు, దాని లాట్ నంబరు ఎంత, ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలు. ధర ఎంత; ముందే తేల్చలేకపోతే దేన్ని బట్టి తేలుస్తారు. తేమకు, తాలుకు ఎంత తరుగు, ఎవరి కాంటా. తూకం అయిన ఎన్నో రోజున డబ్బు, ఆలస్యమైతే వడ్డీ ఎంత. మొలక శాతం రాకపోతే ఆ తప్పు విత్తనానిదా సాగుదా అని ఎవరు తేలుస్తారు. అన్నిటికంటే చివరిది, అందరూ మరిచేది: ఫలానా తేదీలోగా సేటు పంట ఎత్తకపోతే ఎవరికైనా అమ్ముకునే హక్కు. రెండో తలుపు అంటే అదే. ఒప్పందం కంపెనీతోనా, మధ్యలో ఉండే ఆర్గనైజరుతోనా అన్నది కూడా చూడండి. ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు వైపు విత్తన మొక్కజొన్న వేసి నష్టపోయిన గిరిజన రైతులకు 2025లో రైతు కమిషన్ కల్పించుకున్నాకే పరిహారం దక్కింది. చేతిలో కంపెనీ సంతకం ఉన్న రైతుకు అంత చుట్టు తిరగాల్సిన పని పడదు.

కాగితమున్నా మాట తప్పితే ఏ గడప తొక్కాలి? విత్తనమే చెడ్డదైతే జిల్లా వినియోగదారుల కమిషన్. "విత్తనం ఉత్పత్తి చేసి మాకే అమ్మే రైతు వినియోగదారుడు కాడు" అని కంపెనీ వకీలు వాదిస్తాడు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మన ఆంధ్రప్రదేశ్ రైతుల మీద సరిగ్గా ఇదే వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పు సంగతి మీ వకీలుకు చెప్పండి. కంపెనీ తన రకం ఇంత పండుతుందని చెప్పి అంత పండకపోతే, 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు. అదే సెక్షన్, రక్షిత రకమైనా సరే, రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవడానికి, విత్తుకోవడానికి, పంచుకోవడానికి, బ్రాండ్ పేరు తగిలించకుండా అమ్ముకోవడానికి హక్కు ఇస్తుంది. సొంతంగా పండించుకునే ఆ హక్కు వేరు, సేటు ఒప్పందం మీద పండించే పంట వేరు. రెండూ కలిపేసుకుని చిక్కుల్లో పడినవాళ్ళున్నారు.

కొనేవాళ్ళు కుమ్మక్కయ్యారని మీ అనుమానమైతే గడప వేరు: ఢిల్లీలోని కాంపిటిషన్ కమిషన్. 2002 పోటీ చట్టం కింద ఎవరైనా, రైతుల సంఘమైనా, అక్కడ సమాచారం దాఖలు చేయవచ్చు. కుమ్మక్కు రుజువైతే లాభానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. 2023 సవరణ తర్వాత ఒక గడువు వచ్చింది, జరిగిన మూడేళ్ళలోపు వెళ్ళాలి. మీరున్న సౌదీలోనూ 2019 నుంచి కొత్త పోటీ చట్టం అమల్లో ఉంది, ఇక్కడా కుమ్మక్కు నిషేధమే. ఈ ఆలోచన ఏ ఒక్క దేశానిదీ కాదు.

కమిషన్ దగ్గరికి కోపం తీసుకెళ్తే చాలదు, పోలిక తీసుకెళ్ళాలి. ఇది మనవాళ్ళే చూపించారు. 2006లో 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ 1850 రూపాయల దాకా ఉండేది, అందులో 1250 టెక్నాలజీ రుసుమే. రైతు సంఘాలు మొత్తుకున్నాయి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే అప్పటి ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్ళింది. ఇదే టెక్నాలజీకి చైనాలో, అమెరికాలో ఎంత తీసుకుంటున్నారో పక్కపక్కన పెట్టి చూపించింది. ఆ మే నెలలో కమిషన్ రుసుము తగ్గించమంది, రాష్ట్రం ప్యాకెట్‌కు 750 రూపాయలు గరిష్ఠ ధర పెట్టింది. 2015లో కేంద్రమే పత్తి విత్తన ధరల ఉత్తర్వు తెచ్చింది, 2020 నాటికి ఆ టెక్నాలజీ రుసుము సున్నా అయింది. రైతుకు ఒక సంచి మీద వెయ్యి రూపాయలు మిగిల్చింది ఒక పోలిక పట్టిక.

ఆ బీటీ టెక్నాలజీ కంపెనీ మాన్‌శాంటో మీదే 2016లో కాంపిటిషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది. ఏళ్ళు గడిచాయి. 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు, పేటెంటు హక్కుల వినియోగం మీద ఫిర్యాదైతే పేటెంటు చట్టం కిందే తేల్చాలి, కాంపిటిషన్ కమిషన్ కాదు అంది. అంతకాలం నడిచిన దారి పక్కవీధికి తేలింది. మీ సేటు విషయంలో పేటెంటు లేదు కాబట్టి ఈ అడ్డు రాకపోవచ్చు. కానీ గడప తొక్కేముందు అది మన గడపేనా అని అడగడానికి ఒక వకీలుకు ఫీజు ఇవ్వడం దండగ కాదు.

పోలిక పట్టిక తయారుచేయడం మీలాంటివాళ్ళు ఇక్కడ కూర్చుని చేయగల పని. పోయిన మూడేళ్ళలో మీ దిక్కున ఏ సేటు, ఏ తేదీన, ఎంత రేటు ప్రకటించాడో ఒక్కొక్క ఇంటినీ అడిగి రాయండి. నలుగురు సేట్లు ఒకే రోజున ఒకే అంకె చెప్పి ఉంటే ఆ తేదీ కింద గీత గీయండి. అదే విత్తనం ఉత్తరాదిలో సంచి ఎంతకు అమ్ముతున్నారో, మీ క్యాంపులో హర్యానావాడో యూపీవాడో ఉంటే వాళ్ళింటికి ఫోన్ చేయించి తెలుసుకోండి. ఒకే గదిలో అమ్మేవాడి బిడ్డా కొనేవాడి బిడ్డా పడుకునే చోటు గల్ఫ్ క్యాంపు తప్ప ఇంకెక్కడా లేదు. మధ్యలో సేటుకు మాత్రమే తెలిసిన అంకె ఒక్క రాత్రిలో మీకూ తెలుస్తుంది.

ఇక డబ్బు. రైతు తక్కువకు ఎందుకిస్తాడు? ఆగలేడు కాబట్టి. కూలీలకివ్వాలి, పిల్లల ఫీజు కట్టాలి, పాత అప్పు తీర్చాలి. సేటుకు ఇది తెలుసు, అందుకే రేటు చెప్పకుండా నెల తిప్పుతాడు. గల్ఫ్ డబ్బుతో ఊళ్ళో మేడలు లేచాయి, కమాన్లు లేచాయి. ఒక్క పంటకు రెండు నెలలు ఆగగలిగే డబ్బు మాత్రం నేను చూసిన ఏ ఊళ్ళోనూ ఎవరూ పక్కన పెట్టలేదు. మీ ఇంటి పంటవరకు ఆ రెండు నెలల ఖర్చు ముందే పంపి విడిగా ఉంచండి. సంఘానికి గోదాము అద్దె కావాలంటే సభ్యురాలైన మీ ఆవిడ ఖాతా నుంచి వాటాగా పోవాలి. ఒక హెచ్చరిక: సౌదీలో కార్మిక సంఘాలకు, సమ్మెలకు అనుమతి లేదు, అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం నేరం. కాబట్టి క్యాంపులో డబ్బాలు తిప్పవద్దు, హవాలా జోలికి పోవద్దు, ఎవరి డబ్బు వాళ్ళు బ్యాంకులో తమ ఇంటికే పంపాలి. సంఘం ఊళ్ళోనే ఉండాలి, ఇక్కడ కాదు.

బత్హాలో ఆ సాయంత్రం ఇంత చెప్పలేదు నేను. చాయ్ చల్లారిపోయింది. అతను మళ్ళీ ఫోన్ తీసి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "లారీ పోయింది పోనీ గని, తూకం చీటీ ఇచ్చిండా? ఉంటే ఫోటో పెట్టు." కొంచెం ఆగి ఇంకొకటి పెట్టాడు. "మన తూర్పు గట్టుకు ఆనుకొని ఉన్న చేను ఇప్పుడు ఎవలు జేస్తున్నరు? పెద్దనాయిన కొడుకేనా? వాని నంబర్ పంపు."

ఆ పెద్దనాయన కొడుకుతో మాట్లాడి ఎన్నేళ్ళయిందని అడిగాను. వేళ్ళు లెక్కపెట్టాడు, ఆరు దాకా వచ్చి ఆగాడు. ఇంతలో క్యాంపు బస్సు హారన్ కొట్టింది.